అయిదోసారి పాడితే ఏం చేస్తావు?

2003 వినాయక చవితికి దివిసీమలో మా అమ్మమ్మగారి ఊళ్ళో పందిట్లో నా ప్రోగ్రాం పెట్టించారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళ నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నాను, డిప్లొమా పాసయ్యాను, ఆ సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి మా నాన్న హాల్లో తగిలించారు కూడా. ఆ ధీమాతోనే భామాకలాపం నృత్యనాటకంలోని "భామనే సత్యభామనే" ప్రవేశ దరువు, అంటే సత్యభామ వేదిక మీదికి వస్తూ తనెవరో చెప్పుకునే పాట, మొదలుపెట్టాను. క్యాసెట్ తిరుగుతోంది, నేను ఆడుతున్నాను, ఇంకా పల్లవిలోనే ఉన్నాను, కరెంటు పోయింది.

జనరేటర్ ఉంది గానీ అది లైట్లకే సరిపోయింది. మైకుసెట్టు, టేప్‌రికార్డరు రెండూ మూగబోయాయి. వెలుతురులో నేనొక్కదాన్నే, ఎదురుగా ఊరు ఊరంతా. నా తర్వాత పౌరాణిక నాటకం పద్యాలున్నాయి. వాటికోసం వచ్చిన హార్మోనిస్టు తాతగారొకాయన స్టేజీ పక్కన కూర్చుని కిళ్ళీ నములుతున్నారు. ఆయన లేచి కిళ్ళీ ఉమ్మేసి వచ్చి, పెట్టె ముందుకు లాక్కుని, "ఆడమ్మా, నేను పాడతాగా" అన్నారు.

పాడారు. భామనే, సత్యభామనే. మొదటిసారి ఆడాను. రెండోసారి ఆడాను. నా క్యాసెట్‌లో ఆ లైను రెండుసార్లే ఉంటుంది. ఆయన మూడోసారి ఎత్తుకున్నారు, గొంతు కాస్త సాగదీసి. మొదటిసారి చేసిందే మళ్ళీ చేశాను. నాలుగోసారికి రెండోసారిది చేశాను. అయిదోసారి ఆయన నా మొహంలోకి చూస్తూ, ఇంకా నెమ్మదిగా, ఏదో అడుగుతున్నట్టు పాడారు. నా దగ్గర ఏమీ లేదు. చేతిలో జడ ఉంది, ఒంటి నిండా నగలున్నాయి, కాళ్ళకి గజ్జెలున్నాయి, చెప్పడానికి మాత్రం ఒక్క ముక్క లేదు. జడ పట్టుకుని అలా నిలబడిపోయాను. ఆయనే కనిపెట్టి ముక్తాయింపు ఇచ్చి నన్ను గట్టెక్కించారు.

దిగి వచ్చాక దణ్ణం పెడితే, "కాళ్ళు బంగారంలా ఉన్నాయమ్మా" అన్నారు. కాసేపాగి, "రెండుసార్ల వరకే నేర్పారా?" అని అడిగారు. ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు. అందుకే అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో, నిజాంపేటలో, ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో శనాదివారాలు పదిహేడు మంది పిల్లలకి నేర్పుతున్నాను. ఇంకో ఇద్దరు అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో వస్తారు. నేర్పడం మొదలుపెట్టిన మొదటి ఆరేళ్ళూ నేను కూడా చిన్నప్పుడు విన్న మాటే పిల్లలకి చెప్పాను: "ముందు అడుగులు రానీ. భావం తర్వాత అదే వస్తుంది." ఇవాళ నా గొడవంతా ఆ మాటతోనే. భావం తర్వాత రాదు. తనంతట తాను అసలే రాదు. నేర్పాలి, అదీ మొదటి నెల నుంచే నేర్పాలి.

ఆ మాట పిల్లనేం చేస్తుందో చూడండి. ఎనిమిదేళ్ళ పిల్ల క్లాసుకి వస్తుంది. చౌకం, కత్తెర, కుప్పి అడుగు, ఒంటడుగు, జడత, పక్కనాటు, ఈ అడుగులన్నీ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. రెండేళ్ళు గడుస్తాయి, మూడేళ్ళు గడుస్తాయి. ఈలోపు కాళ్ళ గురించి కొన్ని వేలసార్లు చెప్పించుకుని ఉంటుంది: మడమ ఆనించు, మోకాలు పక్కకి, నడుం నిలబెట్టు. మొహం గురించి విన్నది ఒక్కటే ముక్క: "నవ్వు". స్టేజీ పక్కన నిలబడి రెండు చూపుడువేళ్ళతో పెదాల చివర్లు పైకి లాగి చూపిస్తుంటాం కదా టీచర్లందరం, అదీ మా అభినయ పాఠం. దాని ఫలితం ఒక స్కూలు వార్షికోత్సవంలో కళ్ళారా చూశాను. రామాయణం నృత్యరూపకం. రావణుడు సీతను ఎత్తుకుపోతున్నాడు. సీతేమో పళ్ళన్నీ కనిపించేలా చక్కగా నవ్వుతోంది. పిల్ల తప్పేం లేదు. నవ్వమన్నారు, నవ్వింది.

మూడేళ్ళు మొహాన్ని అలా బిగించి పెట్టి, నాలుగో ఏడు పదం, అంటే అభినయం చేసే పాట, మొదలుపెట్టి "ఇప్పుడు భావం చూపించమ్మా" అంటే ఎక్కణ్ణించి తెస్తుంది? మనం మర్చిపోయేదేమిటంటే, లోపల ఏమీ అనుకోకుండా అడుగు వెయ్యడం కూడా సాధనే. రోజూ చేస్తే అదీ గట్టిపడుతుంది. మనం అడుగుల్ని మాత్రమే నేర్పుతున్నాం అనుకుంటాం గానీ, అడుగుతో పాటు ఖాళీగా ఉండటం కూడా నేర్పేస్తున్నాం.

అడుగులొద్దని అంటున్నానని ఎవరూ అనుకోకండి. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం గారు అడుగుకీ అంగశుద్ధికీ ఒక కట్టుదిట్టం తెచ్చారు. ఇవాళ దూరం నుంచి చూసి "ఇది కూచిపూడి" అని గుర్తుపడుతున్నామంటే అందులో చాలా భాగం ఆయన చలవే. అరమండి (మోకాళ్ళు పక్కకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం) లేని పిల్ల అభినయం మెడకి పైనే జరుగుతుంది, కింద వేరే మనిషెవరో నిలబడినట్టుంటుంది. సత్యభామ గర్వం కనుబొమల్లోకి రాకముందు వెన్నులో ఉండాలి. నా తగాదా అడుగులతో కాదు, వరసతో. ముందు ఇదంతా అయిపోవాలి, అప్పుడు అది మొదలవ్వాలి అనే వరసతో. అన్నం ఒక గిన్నెలో, పోపు ఇంకో గిన్నెలో పెట్టి, మూడేళ్ళ తర్వాత కలుపుకుంటే పులిహోర అవుతుందంటే ఎలా?

ఇంకో సాకు ఉంది. "అది పుట్టుకతో రావాలండీ." తల్లిదండ్రులు అంటే సరే, వాళ్ళకేం తెలుసు. టీచర్లు కూడా అంటారు. ఇది వినగానే నాకు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు గుర్తొస్తారు. 1970లోనే పద్మశ్రీ అందుకున్న మనిషి, కూచిపూడిలో ఆడవేషం కట్టేవారు, ఆంధ్రదేశానికి సత్యభామ అంటే ఆయనే. ఆయన మగవాడు. ఆ నడక, ఆ వాలుచూపు, ఆ అలక, ఏదీ ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. ఆడపిల్లగా ఒక్కరోజు కూడా పెరగని మనిషి, ఆడవాళ్ళు చూసి నేర్చుకునేంత భామ అయ్యారంటే అది పుట్టుక అనాలా, సాధన అనాలా?

కేరళలో కథకళి, కూడియాట్టం నేర్చుకునే పిల్లలకి తెల్లవారుజామునే కళ్ళకి నెయ్యి రాసి కనుగుడ్లు తిప్పే సాధన చేయిస్తారు. మనం కాళ్ళకి చేయించే చాకిరీ వాళ్ళు కళ్ళకి చేయిస్తారన్నమాట. మద్రాసులో కళానిధి నారాయణన్ గారని ఉండేవారు. చిన్నప్పుడు నేర్చుకుని, పదహారేళ్ళకే ఆపేసి, దాదాపు ముప్పై ఏళ్ళు గడిచాక 1973లో నేర్పడం మొదలుపెట్టారు. నేర్పింది అభినయం ఒక్కటే. వేరే వేరే గురువుల దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకుని పేరు తెచ్చుకున్నవాళ్ళు కూడా అభినయం కోసం ఆవిడ దగ్గరికి వెళ్ళేవారు. 1985లో ఆవిడకి పద్మభూషణ్ వచ్చింది. పుట్టుకతోనే రావాల్సిందైతే ఆవిడ గుమ్మంలో అంతమంది ఎందుకు కూర్చున్నట్టు?

మూడో వాదన మాత్రం అంత తేలిగ్గా తోసెయ్యలేను. "మా మాస్టారు చేసి చూపించారు, మేం చూసి చేశాం. అదే పరంపర. ఇప్పుడు పిల్లల్ని సొంతంగా చెయ్యమంటావేంటి?" అని నాతోపాటు నేర్చుకున్న స్నేహితురాలు ఒకావిడ కోప్పడింది. ఆమె మాటలో నిజం ఉంది. చూసి చెయ్యకుండా ఎవరూ నేర్చుకోలేదు. కాని ఆ రోజుల్లో ఏం చూసేవారు? కూచిపూడి అగ్రహారంలో పుట్టిన పిల్లాడు రాత్రంతా భామాకలాపం జరుగుతుంటే పందిట్లో చాప మీద నిద్రపోతూ లేస్తూ చూసేవాడు. వాళ్ళ నాన్న భామ, బాబాయి భామ, పక్కింటి పెదనాన్న భామ. ఒకళ్ళు జడ వేస్తే పొగరు, ఇంకొకళ్ళు వేస్తే మురిపెం. తను గజ్జె కట్టేనాటికి ఎంతమంది భామలు ఆ పిల్లాడి కళ్ళలో తిరుగుతుండేవారో. నా క్లాసులో పిల్ల చూసే భామ ఒక్కతే. ఆదివారం పొద్దున పది గంటలకి చుడీదార్ మీద చున్నీ బిగించి, ఒక కన్ను గడియారం మీద వేసి ఉన్న నేను. ఒక్కరినే చూసి చేస్తే వచ్చేది జిరాక్సు. జిరాక్సు తీసినదానికే మళ్ళీ మళ్ళీ జిరాక్సు తీస్తే అక్షరాలు ఏమవుతాయో మీకు తెలుసు.

పైగా భాగవతులు, అంటే ఆ కూచిపూడి కళాకారులు, నోరు కట్టేసుకుని ఆడలేదు. తామే పాడేవారు, తామే మాట్లాడేవారు. భామాకలాపంలో సూత్రధారుడే మాధవి అవుతాడు. నీ మొగుడి పేరేమిటో చెప్పమని మాధవి పట్టుబడుతుంది. భామకి సిగ్గు, పేరు చెప్పదు, ఆనవాళ్ళు చెబుతుంది, మాధవి కావాలనే తప్పుగా అర్థం చేసుకుంటుంది. ఆ ఆట ఎంతసేపు సాగాలో ఎదురుగా కూర్చున్న జనాన్ని బట్టి ఉంటుంది. మాధవి ఒక కొత్త మాట విసిరితే భామ అప్పటికప్పుడు జవాబివ్వాలి. అంటే సంప్రదాయం అని మనం పేరు పెట్టినదాని నడిబొడ్డునే అయిదోసారి ఉంది, ఆరోసారి ఉంది. సోలో ప్రదర్శనలు వచ్చాక నోరు మూశాం. క్యాసెట్లు వచ్చాక చెవి కూడా మూశాం. రికార్డింగులో లైను ఎన్నిసార్లు వస్తుందో పిల్లకి ముందే తెలుసు. గాయకుడు ఏం చేస్తాడో అని చెవులు రిక్కించే పనే లేదు. ఖర్చు సంగతి నాకు తెలియక కాదు. మృదంగం, వయొలిన్, వేణువు, పాట, తాళం వేస్తూ జతులు చెప్పే నట్టువాంగం, వీళ్ళందరినీ ఒక సాయంత్రానికి పిలవడం మామూలు ఇంటికి పెళ్ళి లెక్కే. అందుకని క్లాసులోనైనా నేనే పాడతాను. నా గొంతు బొంగురు. పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకుంటూనే వింటారు, అంతే కావాల్సింది.

గోదావరి జిల్లాల్లో ఆటాపాటే వృత్తిగా బతికిన కళావంతుల సంగతి చెప్పకపోతే అన్యాయం. బల్లిపాడు సరిదే మాణిక్యమ్మ గారిలాంటి వాళ్ళు పదం పాడుతూ, ఒకే పాదాన్ని తిప్పి తిప్పి, ప్రతిసారీ కొత్త అర్థం తీస్తూ అభినయించేవారు. కొన్నిసార్లు లేవకుండా కూర్చునే. అడుగు లేదు, చుట్టూ తిరగడం లేదు, దాక్కోవడానికి చోటే లేదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టంతో వాళ్ళ మేళాలు ఆగిపోయాయి. ఆ చట్టం ఎందుకొచ్చింది, మంచీ చెడూ ఏమిటి అన్నది పెద్ద చర్చ, ఇక్కడ పెట్టుకోను. అభినయం తెలిసినవాళ్ళని మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి, దాన్ని మనం పుస్తకాల్లో వెతుక్కున్నాం.

పుస్తకాలంటే గుర్తొచ్చింది. "యతో హస్తస్తతో దృష్టిః" శ్లోకం ప్రతి రంగప్రవేశం ఆహ్వాన పత్రిక మీదా ఉంటుంది. చెయ్యి ఉన్నచోట చూపు, చూపు ఉన్నచోట మనసు, మనసు ఉన్నచోట భావం, భావం ఉన్నచోట రసం. అభినయం గురించిన పాత సంస్కృత గ్రంథం అభినయదర్పణంలోది. (ఆ గ్రంథాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చినవారు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారే. 1917లో అచ్చయింది. చీరాల పేరాల ఉద్యమం నడిపిన మనిషి అంతకుముందు హస్తాల గురించి కుస్తీపట్టాడంటే నాకెందుకో భలే ముచ్చటేస్తుంది.) శ్లోకం అందరికీ నోటికి వచ్చు. మధ్యలో "మనః" అని ఒక మెట్టు ఉందని మాత్రం ఎవరికీ గుర్తుండదు. చెయ్యి నుంచి చూపుకి వెళ్తాం, చూపు నుంచి ఒక్క దూకులో మొహానికి వచ్చేస్తాం.

నవరసాల చార్టులు చూశారుగా? తొమ్మిది గళ్ళు, తొమ్మిది మొహాలు. ఇప్పుడు దానికి పోటీలు కూడా. మూడు సెకన్లు శృంగారం, మూడు సెకన్లు హాస్యం, మూడు సెకన్లు కరుణ, ట్రాఫిక్ సిగ్నల్ మారినట్టు. నాట్యశాస్త్రం అసలు ఎనిమిదే రసాలు చెప్పింది, శాంతం తర్వాత చేరింది. అది పక్కన పెట్టండి. స్థాయీ భావాలు ఎనిమిది, సంచారీ భావాలు ముప్పై మూడు, సాత్త్విక భావాలు ఎనిమిది, మొత్తం 49 భావాలు లెక్కపెట్టిన నాట్యశాస్త్రకర్త భరతుడు, రసం ఎలా పుడుతుందో చెప్పేటప్పుడు ముందు చెప్పిన మాట విభావం. అంటే కారణం. ఎవరు, ఎవరిని చూసి, ఏం జరిగితే. మొహం మీద కనిపించే అనుభావం ఆ తర్వాతి సంగతి. మన చార్టులో కారణమే లేదు. దేని గురించి ఏడుస్తోందో తెలియని ఏడుపు, ఎవరి మీదో తెలియని కోపం. అలాంటి కోపాన్ని మనం రోడ్డు మీద చూస్తే పక్కకి తప్పుకుంటాం, చప్పట్లు కొట్టం.

సరే, మరి నేనేం చేస్తున్నాను? గొప్ప పద్ధతులేం కావు. ఒకటి చెబుతాను.

పూలు కట్టడం ప్రతి డాన్సు పిల్లా అభినయిస్తుంది. ఎడమ చేత్తో పువ్వు, కుడి చేత్తో ముడి, రెండుసార్లు తిప్పి, తల్లో పెట్టుకోవడం. మా పిల్లలూ చేశారు. "మీలో ఎవరైనా ఎప్పుడైనా పూలు కట్టారా?" అని అడిగాను. పదిహేడు మందిలో ఒక్కరూ లేరు. మర్నాడు కూకట్‌పల్లి రైతుబజారు దగ్గర పూలమ్మే ఆవిడ దగ్గర కిలో మల్లెమొగ్గలు, దారం ఉండ కొన్నాను. క్లాసంతా నేల మీద కూర్చోబెట్టి కట్టించాను. మొదటి పది నిమిషాలు గందరగోళం. మొగ్గలు జారిపోతున్నాయి, దారం చిక్కుపడుతోంది, ఒకమ్మాయికి ఏడుపొచ్చింది. నేను మా అమ్మమ్మలాగా దారం కొస కాలి బొటనవేలికి చుట్టుకుని చూపించాను. అంతే, అందరూ సాక్సులు విప్పేశారు. ముప్పావుగంటకి ఎవరికి వాళ్ళకి మూరెడో జానెడో దండ వచ్చింది.

అప్పుడు లేపి, చేతిలో ఏమీ లేకుండా అదే చెయ్యమన్నాను. చూడాలి మీరు. మెడ వంగింది. కళ్ళు చేతుల మీద వాలాయి, ఎవరూ వాల్చమని చెప్పలేదు. వేళ్ళ మధ్య దారం బిగువు కనిపించింది, లేని దారం! ఇంతకుముందు రెండు తిప్పుళ్ళలో అయిపోయిన దండ ఇప్పుడు అవ్వడం లేదు, ఎందుకంటే పువ్వుకి పువ్వు దగ్గరగా తోసుకోవాలని వాళ్ళ వేళ్ళకి తెలిసిపోయింది. ఇందాక ఏడ్చిన పిల్ల మధ్యలో ఆగి, ఒక మొగ్గ పక్కన పడేసింది. "ఏంటే అది?" అంటే, "వాడిపోయింది మేడం" అంది. నవ్వమని నేను ఆరేళ్ళలో కొన్ని వేలసార్లు అరిచి ఉంటాను. ఆ ఒక్క వాడిన మొగ్గ తెచ్చిన మొహం నేను ఒక్కసారి కూడా తేలేకపోయాను.

రెండోది మాట. మా పిల్లల్లో ఎక్కువమందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పాటలో మాటలు వాళ్ళకి జతి లాంటివే, తకధిమి అన్నట్టు "వయ్యారి" అంటారు. అందుకని ప్రతి లైనూ ముందు వాళ్ళ మాటల్లో చెప్పించుకుంటాను. "భామనే" అంటే ఏంటో చెప్పమంటే సిద్దిపేట వాళ్ళ పిల్ల ఒకతి నడుం మీద చెయ్యి వేసుకుని, "నేనెవ్వరనుకున్నవ్, సత్యభామను" అంది. అది చాలు నాకు. అమెరికా పిల్ల కథ వేరు. పదకొండేళ్ళది. "అలక అంటే యాంగ్రీయా, శాడ్‌యా ఆంటీ?" అని అడిగింది. రెండూ కాదు. ఇంగ్లీషులో చెప్పబోయి చేతకాక ఆగిపోయాను. చివరికి, "మీ అమ్మ మీద కోపమొచ్చి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటావు, కానీ గడియ పెట్టుకోవు కదా, అమ్మ వస్తుందేమో అని అడుగుల చప్పుడు వింటుంటావు కదా, అది" అన్నాను. పిల్ల ఏమీ అనలేదు. స్క్రీను మీద ఆ చెవి ఒక్కటీ తలుపు వైపు తిరిగింది.

అద్దం కప్పేశాను. హాల్లో ఒక గోడంతా అద్దమే, దానికి ఇప్పుడు దుప్పటి కడతాం. అద్దం అడుగు సరిచేసుకోవడానికి పనికొస్తుంది. కానీ అందులో తనని తను చూసుకునే పిల్ల కృష్ణుణ్ణి చూడదు, యశోదని చూడదు, తన బొట్టు నిటారుగా ఉందో లేదో చూస్తుంది. మొబైల్లో తీసిన వీడియోలు ఇంకా ఘోరం, వాటి గురించి మొదలుపెడితే ఈ వ్యాసం ఇవాళ తెమలదు.

ఇక అయిదుసార్ల ఆట. ఒక లైను తీసుకుంటాం. నేను పాడుతూ పోతాను. చేసినది మళ్ళీ చెయ్యకూడదు, అంతే నియమం. "భామనే సత్యభామనే." మొదటిసారికి అందం. రెండోసారికి సత్రాజిత్తు కూతుర్ననే దర్పం, శమంతకమణి ఉన్న ఇల్లు మాది అని. మూడోసారికి కృష్ణుడికి నేనంటే ఎంత ఇష్టమో చూడండి అని. ఈ మూడూ ఎవరికైనా వస్తాయి. నాలుగోసారికి ఇబ్బంది మొదలవుతుంది. బయటికి వెళ్ళే దారులన్నీ అయిపోయి లోపలికి వెళ్ళాలి. ఒక పిల్ల నాలుగోసారి జడ పట్టుకుని చుట్టూ చూసింది, అందరూ నన్నే చూస్తున్నారా అని. గర్వం మధ్యలో చిన్న భయం. ఇంకోసారి ఇంకొకతి ఏం తోచక అలాగే నిలబడింది, నేను 2003లో నిలబడినట్టే. "పర్లేదు, నిలబడు" అన్నాను. ఏమీ చెయ్యకుండా ఎనిమిది తాళం దెబ్బలు పడేంతసేపు నిలబడటం కూడా ఒక పాఠమే, అది అన్నిటికన్నా కష్టం. మా క్లాసులో తకధిమి చేస్తూ గంట నిలబడగలిగిన పిల్లలు, ఊరికే పది సెకన్లు నిలబడలేరు. వేళ్ళు కదులుతాయి, కళ్ళు నా వైపు పారిపోతాయి.

నేనేదో అంతా తెలిసినదాన్లా రాస్తున్నాను గానీ, రెండేళ్ళ క్రితం పెద్ద పొరపాటే చేశాను. వెన్న దొంగతనం. కృష్ణుడు మూతినిండా వెన్నతో దొరికిపోయాడు, యశోదకి కోపం రావాలి. ఒక తొమ్మిదేళ్ళ పిల్ల యశోద, కోప్పడబోయి కృష్ణుడి మూతి చూసి ఫక్కున నవ్వేసింది. "నవ్వుతావేంటి, కోపం, కోపం!" అని అరిచాను. పిల్ల బుద్ధిగా కనుబొమలు ముడిచింది. బండి మీద ఇంటికెళ్తుంటే వెలిగింది నాకు. వెన్న మూతి చూసి ఏ తల్లికి నవ్వు రాదు? కోపం తెచ్చుకుందామని చూసి, నవ్వు ఆపుకోలేక, మళ్ళీ కోపం తెచ్చుకోవడం, అది కదా యశోద. ఆ పిల్లకి తెలిసింది, నాకు తెలియలేదు. వచ్చే వారం "మొన్న చేసినట్టు చెయ్యమ్మా" అని ఎంత బతిమాలినా చెయ్యలేదు. తప్పు అని చెప్పేశానుగా. ఆర్నెల్లు పట్టింది ఆ నవ్వు తిరిగి రావడానికి.

చిన్నపిల్లలకి భావం ఏం తెలుస్తుందని అడుగుతారు. తొమ్మిదేళ్ళ పిల్ల చేత జావళి, అంటే శృంగారం పాట, ఆడించి, ఓరగా చూడమని నేర్పేవాళ్ళని చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. అది అభినయం కాదు, పెద్దవాళ్ళ చీర చిన్నపిల్లకి చుట్టడం. కానీ ఆ వయసుకి తెలిసిన భావాలు తక్కువేం కాదు. ఆకలి, అసూయ, తమ్ముడు పుట్టాక అమ్మ ఒడి పోయిన బాధ, అబద్ధం చెప్పి దొరికిపోయే భయం. అలక గురించైతే మనమే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

పరీక్షల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పిల్లకి దొరికేది కొద్ది నిమిషాలు, అందులో అడుగులు, శ్లోకాలు, హస్తాల పేర్లు. అసంయుత హస్తాలు (ఒంటి చేతి ముద్రలు) ఇరవై ఎనిమిదీ గడగడా చెప్పిన పిల్లకి మార్కులు వెయ్యడం తేలిక, వాడిన మొగ్గ పక్కన పడేసిన పిల్లకి ఎన్ని వెయ్యాలో ఎవరికి తెలుసు? లెక్కకి అందేదే నేర్పుతాం. 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో 2,850 మంది ఒకేసారి హిందోళ తిల్లానా ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. పండగలా ఉంటుంది, పిల్లలకి సరదా, నేను కాదనను. అంతమందిలో ఒక పిల్ల నవ్వు ఆపుకోలేక యశోద అయిపోతే మాత్రం వరస చెడిపోయినట్టే లెక్క.

పోయిన ఆదివారం క్లాసయ్యాక ఒక తల్లి ఆగింది. మర్యాదగానే అడిగింది. "మేడం, ఏమనుకోకండి. ఆర్నెల్లుగా ఇదే పాట వినిపిస్తోంది ఇంట్లో. మా తోటికోడలి కూతురు వేరే చోట చేరి ఈపాటికి మూడు ఐటెమ్స్ పూర్తి చేసింది. మా అమ్మాయికి ఎంతవరకు వచ్చిందండీ?"

"నాలుగోసారి వరకు వచ్చిందండీ" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. కాసేపు నా మొహం చూసి, సరే మేడం అని వెళ్ళిపోయింది. ఈ నెల ఫీజు మాత్రం రాత్రికి ఫోన్‌పేలో వచ్చింది.